గ్లెండా జాక్సన్: 23 ఏళ్లు వేషం వేయని నటికి ఎనభయ్యో పడిలో కింగ్ లియర్ ఎలా సాధ్యమైంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రెండు ఆస్కార్లు గెలిచిన ఇంగ్లీషు నటి గ్లెండా జాక్సన్ యాభై అయిదేళ్ల వయసులో నటన మానేసి ఎంపీ అయింది. 23 ఏళ్లు పార్లమెంటులో ఉండి, బయటికొచ్చి, ఎనభై ఏళ్ల వయసులో కింగ్ లియర్ వేసింది. షేక్స్పియర్ నాటకంలో ముసలి రాజు వేషం అది. అన్నేళ్లు వదిలేసిన విద్య అంత తేలిగ్గా ఎలా తిరిగొచ్చింది? నటన నేర్చుకునేవాళ్లు ఆమెవి ఏవి చూడాలి?

ముప్ఫై ఏళ్లు పరిషత్తు నాటకాలు ఆడాను, ఆడించాను. ఇప్పుడు నటన నేర్చుకునే పిల్లలకు వాచికం, అంటే డైలాగ్ పలికే తీరు, చెబుతున్నాను. క్లాసులో ఈవిడ పేరు రాని నెల ఉండదు. అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా, తేలిగ్గా తిరిగొచ్చిందన్న మాటను నేను ఒప్పుకోను. అసలు ఆ విద్య ఆమెను వదిలి వెళ్లలేదని నా అభిప్రాయం. ఎందుకంటున్నానో తెలియాలంటే ఆమె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి.

1936 మే 9న లివర్‌పూల్‌కి ఎదురుగా, మెర్సీ నదికి అవతలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్‌లో పుట్టింది. తండ్రి తాపీ పని చేసేవాడు. తల్లి దుకాణంలో, పబ్‌లో పనిచేసింది, ఇళ్లు శుభ్రం చేసే పనికీ వెళ్లింది. నలుగురు ఆడపిల్లల్లో ఈమె పెద్దది. గ్లెండా ఫారెల్ అనే హాలీవుడ్ నటి పేరు పెట్టుకున్నారు. పదహారేళ్లకే బడి మానేసి బూట్స్ వాళ్ల మందుల షాపులో కౌంటర్ దగ్గర రెండేళ్లు నిలబడి పనిచేసింది. సాయంత్రాలు ఔత్సాహిక నాటక బృందంతో గడిపేది. అక్కడి నుంచి స్కాలర్‌షిప్ మీద 1954లో లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌కి వెళ్లింది. అందరూ రాడా అనేది ఆ సంస్థనే.

ఆ రాడా ప్రిన్సిపాల్ ఆమెతో ఏమన్నాడో తెలుసా? నలభై దాటేదాకా నీకు పెద్దగా పని దొరుకుతుందని ఆశ పెట్టుకోకు, నువ్వు క్యారెక్టర్ వేషాలకే సరిపోతావు అని. అంటే హీరోయిన్ ముఖం కాదని. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. చాలా ఏళ్ల క్రితం మంచి గొంతున్న ఒక అమ్మాయికి నేనూ దాదాపు అదే మాట చెప్పాను. నిజం చెప్పి మేలు చేస్తున్నాననుకున్నాను. ఆ అమ్మాయి మళ్లీ రిహార్సల్‌కి రాలేదు. గ్లెండా జాక్సన్ మాత్రం మానలేదు. అప్పటి నుంచి నేను ఎవరి ముఖం గురించీ జోస్యం చెప్పడం మానేశాను.

1957 నుంచి ఊరూరి రెపర్టరీ కంపెనీల్లో వేషాలు వేసింది. ఆ రోజుల్లో ఇంగ్లండ్ చిన్న ఊళ్లలో రెపర్టరీ అంటే ఎలా ఉండేదంటే, రాత్రి ఒక నాటకం ఆడుతూ, పగలు వచ్చే వారం నాటకం రిహార్సల్ చేసేవాళ్లు. సురభి వాళ్ల పనితీరు చూసినవాళ్లకు ఈ ఒరవడి కొత్తగా అనిపించదు. ఒక రాత్రి రాణి, మరో రాత్రి పనిమనిషి. మధ్యలో వేషాలే లేని రోజులు కూడా చాలా ఉన్నాయి. కడుపు కోసం చిన్నాచితకా ఉద్యోగాలు చేసింది. 1958లో రాయ్ హాడ్జెస్‌ని పెళ్లి చేసుకుంది. 1976లో విడిపోయారు. ఒక్కడే కొడుకు, డాన్ హాడ్జెస్, ఇప్పుడు పేరున్న కాలమిస్టు.

1964లో పీటర్ బ్రూక్ దగ్గర చేరడంతో ఆమె దశ తిరిగింది. మనవాళ్లకు మహాభారతం నాటకంతో తెలిసిన పీటర్ బ్రూక్ ఈయనే. రాయల్ షేక్స్పియర్ కంపెనీలో ఆయన చేసిన ప్రయోగాల బృందంలో ఈమె ఒకరు. 'మరా/సాద్' అనే నాటకంలో ఆమె పని విచిత్రమైనది. పిచ్చాసుపత్రిలో రోగులు నాటకం ఆడుతుంటారు. నిద్రజబ్బు ఉన్న ఒక రోగి అందులో షార్లట్ కోర్డే అనే హంతకురాలి వేషం వేస్తుంది. ఈమె ఆ రోగి. అంటే మాటలు మర్చిపోతూ, తూలిపోతూ, ఎవరో లేపితే లేచి డైలాగ్ చెప్పే మనిషిని నటించాలి. నటన రాని మనిషిలా నటించాలన్నమాట. ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉన్నా అది వెక్కిరింత అయిపోతుంది. న్యూయార్క్‌లోనూ ఆడి, 1967లో సినిమాగా వచ్చింది. 1965లో 'హామ్లెట్' నాటకంలో ఒఫీలియా వేసినప్పుడు ఒక విమర్శకురాలు, హామ్లెట్ వేషానికే సిద్ధంగా ఉన్న ఒఫీలియాను చూశానని రాసింది.

సినిమాల సంగతి తొందరగా చెప్పేస్తాను, వాటి గురించి ఎక్కడైనా దొరుకుతుంది. కెన్ రస్సెల్ తీసిన 'విమెన్ ఇన్ లవ్' (1969)లో గడ్రన్ పాత్రకు మొదటి ఆస్కార్. ఆ షూటింగ్ నాటికి ఆమె గర్భవతి కూడా. పొడుగాటి కొమ్ముల పశువుల మంద ముందు ఆమె నాట్యం చేసే ఘట్టం ఉంది, తప్పక చూడండి. 1971లో 'సండే బ్లడీ సండే', 1973లో 'ఎ టచ్ ఆఫ్ క్లాస్'. ఆ రెండో దానికి రెండో ఆస్కార్. రెండుసార్లూ బహుమతి తీసుకోడానికి వెళ్లలేదు. ఆ రెండు బొమ్మలూ వాళ్ల అమ్మ దగ్గర ఉండేవి. ఆవిడ వాటిని రోజూ తోమి తోమి పెడితే పైన బంగారు పూత పోయి లోపలి లోహం బయటపడిందట. ఈ సంగతి గ్లెండా జాక్సనే ఇంటర్వ్యూల్లో చెప్పేది. ఇళ్లు శుభ్రం చేసి పిల్లల్ని పెంచిన తల్లి కూతురి ఆస్కార్‌ని కూడా ఇంటి సామానులాగే తోమిందంటే నాకు ఆ కుటుంబం మీద గౌరవం పెరుగుతుంది.

'ఎ టచ్ ఆఫ్ క్లాస్' ఎలా వచ్చిందో కూడా వినండి. 1971లో మోర్‌కమ్, వైజ్ అనే హాస్య జంట టీవీ షోలో ఈమె క్లియోపాత్రా వేషం వేసింది. గంభీరమైన నటి అని పేరుపడ్డ మనిషి పిచ్చి పిచ్చి వ్యాకరణంతో డైలాగులు చెబుతుంటే ఇంగ్లండ్ అంతా నవ్వింది. దర్శకుడు మెల్విన్ ఫ్రాంక్ అది చూసి తన కామెడీ సినిమాకి ఈమెను తీసుకున్నాడు. అంత పెద్ద బహుమతికి మూలం ఒక టీవీ కామెడీ స్కిట్. చిన్న వేషం అని నీరసపడే నా విద్యార్థులకు ఈ కథ తరచూ చెబుతాను.

ఇప్పుడు అసలు విషయం, ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్ జీవితం మీద వచ్చిన 'ఎలిజబెత్ ఆర్'. 1971లో బీబీసీ ఆరు భాగాలుగా, ఒక్కో భాగం ఒక్కో పూర్తి నాటకం నిడివిలో తీసింది. పదిహేనేళ్ల రాకుమారి దగ్గర మొదలై, అరవై తొమ్మిదేళ్ల రాణి నిలబడి నిలబడి చనిపోయేదాకా. జుట్టు ముందు భాగం గొరిగించుకుని ఆ కాలపు ఎత్తయిన నుదురు తెచ్చుకుంది. దీనికి అమెరికాలో టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ బహుమతులు రెండు వచ్చాయి. అదే ఏడాది వెండితెర మీద 'మేరీ, క్వీన్ ఆఫ్ స్కాట్స్'లోనూ అదే ఎలిజబెత్ వేసింది. కానీ నేర్చుకోవాల్సింది టీవీలోదే.

క్లాసులో ఏం చేస్తానంటే, మొదటి భాగంలో ఒక ఐదు నిమిషాలు, చివరి భాగంలో ఒక ఐదు నిమిషాలు బొమ్మ లేకుండా ధ్వని మాత్రమే వినిపిస్తాను. ఇంగ్లీషు అంతగా రాని పిల్లలు కూడా ఈ రెండూ ఒకే మనిషి గొంతే, మధ్యలో యాభై ఏళ్లు గడిచాయి అని చెప్పేస్తారు. చాలామంది ముసలి పాత్ర అనగానే గొంతు వణికిస్తారు. మన నాటకాల్లో తాత వేషం అంటే మూడు వంతులు వణుకే. ఆమె వణికించదు. ఊపిరిని తగ్గిస్తుంది. వయసులో ఉన్న ఎలిజబెత్ ఒక ఊపిరిలో మూడు వాక్యాలు చెబుతుంది. ముసలి ఎలిజబెత్ ఒక వాక్యానికి రెండుసార్లు ఊపిరి తీస్తుంది, కానీ అధికారం మాత్రం అంతే ఉంటుంది. ఒళ్లు అలసిందని, మనసు అలవలేదని మనకు అర్థమయ్యేది అందువల్లే.

ఇంకొకటి, ఆమె వాక్యం చివర ఎప్పుడూ జాలి కోరదు. చివరి మాటను కింద పెట్టి ఆపేస్తుంది. ఏడవాల్సిన చోట కూడా ముందు ఆలోచన వినిపిస్తుంది, తర్వాతే బాధ.

ఇక్కడ తెలుగు నటులకు ఒక హెచ్చరిక. ఆమెను విని నేర్చుకుందామని కూర్చున్నవాళ్లు చాలామంది ఆమె హల్లులు కొరికినట్టు పలకడాన్ని అనుకరిస్తారు. మనకు అది పనికిరాదు. తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషులో చాలా మాటలు హల్లుతో ఆగుతాయి కాబట్టి అక్కడ కత్తి దింపినట్టు ఆపొచ్చు. మనం అదే చేయబోతే "వచ్చాడు" కాస్తా "వచ్చాడ్" అయిపోయి వెటకారంలా వినిపిస్తుంది. పోనీ పద్యనాటకం అలవాటు కొద్దీ చివరి అచ్చును సాగదీస్తే రాగం అవుతుంది. ఆమె దగ్గర తీసుకోవాల్సింది ఉచ్చారణ కాదు, ఊపిరి ఎక్కడ ఆపుతోందన్నది. అర్థం పూర్తయిన చోటే ఆపుతుంది. పొల్లు కొట్టకుండా, దీర్ఘం తీయకుండా, చివరి అచ్చును ఉన్నంత నిడివికే పలికి నిశ్శబ్దాన్ని రానివ్వడం. ఇది నేర్చుకోడానికి నాకే పదేళ్లు పట్టింది.

సరే, రాజకీయాలు. మధ్యలో చాలా ఏళ్లు నాటకాలూ సినిమాలూ నడిచాయి. 'హెడ్డా', కవయిత్రి స్టీవీ స్మిత్ మీద 'స్టీవీ', వాల్టర్ మాథావ్‌తో రెండు హాస్య చిత్రాలు. వాటిలో 'స్టీవీ' ఒక్కటి ప్రత్యేకంగా చూడండి, ఇంట్లో కుర్చీలో కూర్చుని మనతో మాట్లాడుతూ సినిమా నడిపించడం ఎలాగో తెలుస్తుంది.

ఆమె మొదటి నుంచీ లేబర్ పార్టీ మనిషి. కన్జర్వేటివ్ ప్రధాని మార్గరెట్ థాచర్ సమాజం అనేదేమీ లేదు అన్న మాట విన్నప్పుడు కోపంతో ఊగిపోతూ నడిచి మూసి ఉన్న అద్దాల తలుపుకు గుద్దుకుని ముక్కు పగలగొట్టుకున్నంత పని చేశానని తర్వాత చెప్పింది. 1992లో లండన్‌లోని హాంప్‌స్టెడ్ అండ్ హైగేట్‌లో పోటీ చేసి, కన్జర్వేటివ్‌ల చేతిలో ఉన్న సీటు గెలిచింది. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఆమె పార్టీ ఓడిపోయింది. ఈమె మాత్రం గెలిచింది.

మనకు సినిమా వాళ్లు ఎంపీలు కావడం కొత్తేమీ కాదు. జమున గారు 1989లో రాజమండ్రి నుంచి లోక్‌సభకు గెలిచారు. అయితే గ్లెండా జాక్సన్ గెలిచాక నటన పూర్తిగా ఆపేసింది. అతిథి పాత్ర కూడా వేయలేదు. 1997లో లేబర్ ప్రభుత్వం వచ్చాక రెండేళ్లు రవాణా శాఖలో సహాయ మంత్రిగా పనిచేసింది. 2000లో లండన్ మేయర్ పదవికి పార్టీ టికెట్ కోసం ప్రయత్నించి ఓడిపోయింది. ఇరాక్ యుద్ధం విషయంలో సొంత ప్రధాని టోనీ బ్లెయిర్‌నే గట్టిగా ఎదిరించింది. 2010లో కేవలం 42 ఓట్ల తేడాతో గెలిచింది.

2013 ఏప్రిల్ 10. థాచర్ చనిపోయి రెండు రోజులైంది. పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో నివాళి. పార్టీలకు అతీతంగా పొగుడుతున్నారు. ఈమె లేచింది. తన నియోజకవర్గంలో ఆ ఏళ్లలో ఏం చూసిందో చెప్పింది. బడి గోడల పెచ్చులు ఊడిపోకుండా పిల్లలు వేసిన బొమ్మలూ వాటిని అంటించిన టేపూ ఆపి ఉంచాయని చెప్పింది. తాను చిన్నప్పుడు దుర్గుణాలని నేర్చుకున్నవన్నీ ఆ పాలనలో సుగుణాలైపోయాయంది. ఎదుటి బెంచీల నుంచి కేకలు, అభ్యంతరాలు. ఆ వీడియో నెట్‌లో దొరుకుతుంది, వెతికి చూడండి. రాజకీయంగా ఆమెతో మీరు ఏకీభవించనక్కర్లేదు. చావు ఇంట్లో ఇలా మాట్లాడొచ్చా అని నా మిత్రులే కొందరు బాధపడ్డారు, వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. కానీ గొంతు వినండి. కేకలు పెరిగినప్పుడు ఆమె స్థాయి పెంచదు, కేకల్ని దాటించడానికి మాటను ఇంకా స్పష్టం చేస్తుంది. 'ఎలిజబెత్ ఆర్'లో మంత్రుల మధ్య నిలబడ్డ రాణి చేసేది సరిగ్గా ఇదే. అప్పటికి ఆమె వేషం వేసి ఇరవై ఏళ్లు దాటింది.

విద్య వదిలి వెళ్లలేదని మొదట్లో అన్నాను కదా. గొంతు సంగతి అది. మరి లోపలి సరుకు? దానికీ ఆమె దగ్గరే జవాబుంది. ఎంపీగా వృద్ధుల కేంద్రాలకు, ఆశ్రమాలకు తిరిగేటప్పుడు ఒకటి గమనించానంది. వయసు మీదపడేకొద్దీ ఆడా మగా అనే గీతలు చెరిగిపోతూ వస్తాయి, ఎవరు ముసలాయనో ఎవరు ముసలమ్మో ప్రవర్తనలో తేడా తగ్గిపోతుంది అని. లియర్‌ని ఒక ఆడమనిషి ఎలా వేస్తుంది అని అడిగినవాళ్లకు ఆమె చెప్పింది ఇదే. ఇరవై మూడేళ్లు ఆమె ముసలివాళ్ల పక్కన కూర్చుని వాళ్ల పింఛను గోడు, ఇంటి గోడు వింది. మేం నటులకు పరిశీలన పరిశీలన అని మొత్తుకుంటాం. ఒక గంట బస్టాండులో కూర్చుని రమ్మంటాం. ఆమెది రెండు దశాబ్దాల పరిశీలన. పైగా అది నటన కోసం చేసింది కూడా కాదు, వాళ్ల పని చేసిపెట్టాలని విన్నది. వినడంలో ఆ తేడా పాత్రలోకి తప్పకుండా వస్తుంది.

2015లో పోటీ చేయకుండా తప్పుకుంది. తిరిగి వచ్చిన మొదటి పని ఏమిటో చూడండి. రేడియో! ఫ్రెంచి రచయిత ఎమీల్ జోలా నవలల ఆధారంగా బీబీసీ రేడియో 4 చేసిన ధారావాహికలో నూట నాలుగేళ్ల ముసలమ్మ డీడ్. ముఖం లేదు, దుస్తులు లేవు, గొంతొక్కటే. వాచికం చెప్పే నాలాంటివాడికి ఇంతకన్నా సంతోషం ఏముంటుంది.

2016లో ఓల్డ్ విక్ థియేటర్‌లో లియర్. దర్శకురాలు డెబొరా వార్నర్. ఆ ఆలోచన వెనక నూరియా ఎస్పెర్ట్ అనే కటలాన్ నటి ఉంది. 1986లో ఒక నాటకంలో ఈమెకు దర్శకత్వం వహించిన ఎస్పెర్ట్ తర్వాత తానే లియర్ వేసింది. దాన్ని చూడటానికి గ్లెండా జాక్సన్ బార్సిలోనా వెళ్లింది. ఒక నటి ధైర్యం ఇంకో నటికి అంటుకుంది. 2018లో న్యూయార్క్‌లో 'త్రీ టాల్ విమెన్' నాటకానికి టోనీ వచ్చింది, అమెరికాలో నాటకాలకిచ్చే పెద్ద బహుమతి అది. అంతకు ముందు నాలుగుసార్లు నామినేషన్ దాకా వచ్చి చేజారిన బహుమతి. 2019లో అక్కడే మళ్లీ లియర్ వేసింది, వేరే దర్శకుడితో, కొత్త బృందంతో. ఎనభై మూడో ఏట వారానికి ఎన్నో ఆటలు లియర్ వేయడం అంటే ఏమిటో నాటకం ఆడినవాళ్లకు తెలుస్తుంది. తుపాను ఘట్టం ఒక్కటి చాలు, యువకుల గొంతులే బొంగురుపోతాయి.

మీ రెండో ప్రశ్నకు వస్తాను, ఏవి చూడాలి అని. అన్నీ చూడక్కర్లేదు. 'ఎలిజబెత్ ఆర్' మొదటిదీ ఆరోదీ, 'స్టీవీ', 2013 నాటి ప్రసంగం, ఆపైన 'ఎలిజబెత్ ఈజ్ మిస్సింగ్'. ఈ చివరిది 2019లో బీబీసీకి చేసిన టీవీ సినిమా. మతిమరుపు జబ్బు ముదురుతున్న మాడ్ అనే ముసలమ్మ తన స్నేహితురాలు కనిపించడం లేదని వెతుకుతూ ఉంటుంది. దానికి బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా, అంతర్జాతీయ ఎమ్మీ రెండూ వచ్చాయి. ఇందులో ఆమె జేబుల నిండా రాసుకున్న కాగితం ముక్కలు. ఏదో గుర్తొచ్చి, నోటిదాకా వచ్చి, పోతుంది. ఆ పోవడం ఆమె ముఖంలో కంటే గొంతులో ముందు తెలుస్తుంది. వాక్యం మొదలుపెట్టినప్పుడున్న నమ్మకం సగంలో జారిపోతుంది. మా అమ్మ చివరి రెండేళ్లు ఇలాగే గడిపింది. సినిమా మధ్యలో ఆపి కాసేపు బయట కూర్చుని మళ్లీ చూశాను. మీ ఇంట్లో అలాంటివాళ్లు ఉంటే ఒంటరిగా చూడొద్దు.

ఆ పాత్ర చూశాక 'మరా/సాద్' ఒకసారి వేయండి. మాట మధ్యలో జారిపోయే రోగిని ఆమె ఇరవై ఎనిమిదేళ్ల వయసులో మొదటిసారి వేసింది. మాడ్ వేసేనాటికి ఎనభై మూడేళ్లు. మధ్యలో ఏం నేర్చుకుందో మీకే వినపడుతుంది. మొదటిదాంట్లో జారిపోవడం అద్భుతమైన నైపుణ్యం, మనం చూస్తూ మెచ్చుకుంటాం. రెండోదాంట్లో మెచ్చుకోవాలన్న ధ్యాసే రాదు, ఆ ముసలమ్మ చెయ్యి పట్టుకోవాలనిపిస్తుంది.

2023 జూన్ 15న లండన్‌లోని బ్లాక్‌హీత్‌లో, కొడుకు కుటుంబంతో ఉంటున్న ఇంట్లోనే కన్నుమూసింది. వయసు 87. ఆఖరి సినిమా 'ది గ్రేట్ ఎస్కేపర్' ఆమె పోయాక విడుదలైంది. అందులో భర్త మైకేల్ కెయిన్. ఇద్దరూ 1975లో 'ది రొమాంటిక్ ఇంగ్లీష్‌వుమన్'లో భార్యాభర్తలుగా వేశారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత మళ్లీ అదే జంట. వృద్ధాశ్రమం నుంచి చెప్పకుండా ఫ్రాన్స్ వెళ్లి, రెండో ప్రపంచ యుద్ధపు నార్మండీ దాడి 70వ వార్షికోత్సవంలో కలిసిన ఒక మాజీ నావికుడి నిజం కథ అది. ఆయన వెళ్లడానికి భార్యే సాయం చేసి, ఆశ్రమం వాళ్లకు అబద్ధం చెబుతుంది. ఆ అబద్ధం చెప్పే చోట ఆమె గొంతు గమనించండి. ఏమీ చేయదు. మామూలుగా మాట్లాడుతుంది, అంతే. మీరు ఇంట్లో సాధన చేయాలనుకుంటే ఆ ఒక్క ముక్కతో మొదలుపెట్టండి: బొమ్మ ఆపి పదిసార్లు వినండి, ఊపిరి తీసిన చోటల్లా కాగితం మీద గీత పెట్టండి, తర్వాత మీకు బాగా తెలిసిన ఏదైనా తెలుగు డైలాగ్‌ని అన్నే గీతలతో చెప్పి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఎక్కడ ఇబ్బంది వచ్చిందో ఇక్కడే రాస్తే తప్పకుండా జవాబిస్తాను.